ఆరో తరగతికి పోయిన చేతులు

నాలుగో రోజు పొద్దున నా బిడ్డ చెంచా అడిగింది.

మా ఇంట్లో చెంచా చక్కెర డబ్బాలో ఉంటుంది. జ్వరమొస్తే మందు పోయడానికి తీస్తాం. అన్నం చెంచాతో తిన్నవాళ్లు మా వంశంలో లేరు. అలాంటిది, మామిడికాయ తొక్కు కలిపిన అన్నం ముందు పెట్టుకుని, చేతులు రెండూ ఒళ్లో దాచుకుని, “అమ్మా, జర చెంచా ఇయ్యవా” అంటే నాకు నవ్వొచ్చింది. బిడ్డ ఆరో తరగతిలో చేరి అప్పటికి మూడు రోజులే అయింది.

“హైస్కూలుకు పోంగనే దొరసానివైనవా? రేపటిసంది కుర్చీ బల్ల గూడ ఎయ్యాల్నా?” అని ఎగతాళి చేశాను.

అది నవ్వలేదు. చెంచా అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు చూశాను. వేళ్ల సందుల్లో తోలు లేచి పచ్చిగా కనిపిస్తోంది. గోళ్ల చుట్టూ పగిలి నెత్తురు ఎండిపోయి ఉంది. అరచేతుల్లో మాత్రం రంగు ఇంకా అక్కడక్కడ నల్లగా పట్టుకునే ఉంది. వేళ్లు పట్టుకుంటే కెవ్వుమంది. ఆ కేకకు మగ్గం గుంటలో కూర్చున్న మా ఆయన నేత ఆపి లేచి వచ్చాడు.

“ఏమైందే?”

“బ్లీచింగ్ పొడితోని రుద్దిన.”

“ఎందుకు?”

“రంగు పోతలేదు.”

“పోకపోతే పోకపాయె! మన చేతులకు రంగు కొత్తనా?”

“మేడం లోపటికి రానియ్యలే.”

నాకు కోపం ముక్కు మీదనే ఉంటుందని మా వాడకట్టంతా ఎరుగుదురు. ఆ ఒక్క మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది. గుచ్చి గుచ్చి అడిగితే కొంచెం కొంచెంగా బయటపడింది. మొదటి రోజు ప్రార్థన అయ్యాక మేడం పిల్లలను వరుసలో నిలబెట్టి చేతులు, గోళ్లు చూసిందట. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి, “ఏంటీ మురికి? వెళ్లి శుభ్రంగా కడుక్కుని రా” అందట. బిడ్డ నల్లా దగ్గరికి పోయి కడుక్కుంది. పోలేదు. మట్టితో రుద్దుకుంది. పోలేదు. కడుక్కుని రమ్మన్నారు కదా, రంగు పోలేదు కదా, అందుకని లోపలికి పోలేదు. సాయంత్రం గంట కొట్టేదాకా ఆ నల్లా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మధ్యాహ్నం అన్నం మాత్రం అందరితో పాటు తిన్నదట. వడ్డించే ఆయమ్మ చేతులు చూడదు, పళ్లెం చూస్తుంది. మూడో రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, రంగు పని దగ్గర మేము బండలు కడగడానికి ఉంచుకున్న బ్లీచింగ్ డబ్బా తీసుకుని పెరట్లోకి పోయింది. నేను చూడలేదు.

“గీ ముచ్చట మొదటి రోజే ఎందుకు చెప్పలే?” అన్నాను.

“నువ్వు బడికొచ్చి లొల్లి చేస్తవని.”

మా ఆయనకు నవ్వొచ్చినట్టుంది, నా మొహం చూసి మింగేశాడు. బిడ్డ తల వంచుకుని ఇంకో మాట అంది. “నేను ఇగ బడికి పోనమ్మా. ఇంట్లనే నూలుకు చిటికి కడత.”

మా ఆయన నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది.

ఆ మాట నాకెందుకు అంత తగిలిందో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నేను కూడా అదే హైస్కూలుకు నడిచి పోయినదాన్ని. ఏడో తరగతిలో ఉండగా ఇంట్లో పనికి చెయ్యి తక్కువైందని మాన్పించారు. నన్ను ఎవరూ అడగలేదు. రేపటి నుంచి పోవద్దన్నారు, పోలేదు, అంతే. బిడ్డ పుట్టిన ఏడాదిలోనే నేను ఒకటి అనుకున్నాను. ఇల్లు ఎట్లా నడిచినా, మగ్గం ఉన్నా పోయినా, దీని చదువు మాత్రం మధ్యలో ఆగనియ్యను అని. ఊళ్లో బడి అయిదో తరగతితో అయిపోతుంది. ఆరు అంటే మండలంలోని హైస్కూలే, నాలుగు కిలోమీటర్లు. మా వాడలో ఆడపిల్లలు జారిపోయేది సరిగ్గా ఆ నాలుగు కిలోమీటర్లలోనే. అందుకని నేను ఎండాకాలం అంతా బస్సు సంగతి కనుక్కున్నాను, జతకు ఇద్దరు పిల్లలను చూసి పెట్టాను. పిచ్చికుక్కలున్న దారి ఏదో, తాగుబోతులు కూర్చునే అరుగు ఏదో అన్నీ లెక్కేసుకున్నాను. చేతుల సంగతి మాత్రం నా తలకాయలోకి రాలేదు.

వస్తుందా? మీరే చెప్పండి. నల్లగొండ జిల్లాలో మాది మగ్గాల ఊరు. మా ఊరి బడిలో రంగు లేని చెయ్యి ఉందా? చిన్నబడి సారు పొద్దున్నే పిల్లలను చూసి, “ఇయ్యాల మీ ఇంట్ల ఏం రంగు నడుస్తున్నదిరా?” అని అడిగేవాడు. ఒకటో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో రంగుల పేర్లు ఆయన పుస్తకం చూపించి నేర్పలేదు. ఒక్కొక్కరి అరచెయ్యి పైకెత్తించి, ఇది రెడ్డు, ఇది బ్లూ, ఇది గ్రీను అని నేర్పాడు. మా బిడ్డ అరచెయ్యి ఆ బడిలో పాఠం. నాలుగు కిలోమీటర్లు అవతలికి పోయేసరికి అదే అరచెయ్యి మురికి అయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తెలియని వాళ్ల కోసం మా పని ఏమిటో చెబుతాను. మేము నేసిన బట్ట మీద అద్దకం వేయం. నేయకముందే నూలు పోగులను చట్రానికి బిగించి, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు రబ్బరుతో గట్టిగా కట్టి, రంగులో ముంచుతాం. ఆరబెట్టి కట్లు విప్పితే కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది. మళ్లీ వేరే చోట్ల కట్టి వేరే రంగులో ముంచుతాం. దీన్నే చిటికి పని అంటాం. అన్నీ అయ్యాక మగ్గం ఎక్కిస్తే పువ్వు, ఏనుగు, చిలుక ఏది అనుకుంటే అది తేలుతుంది. నూలు బాగా ఆరాక విప్పితే వేళ్లకు రంగు అంతగా అంటదు. తడి మీద విప్పితే గోళ్ల లోపలికి దిగుతుంది. పాత తోలు పోయి కొత్త తోలు వచ్చేదాకా అది వదలదు.

బిడ్డకు చేతుల సంగతి నాకంటే ముందు తట్టింది. హైస్కూల్లో చేర్పించడానికి తీసుకుపోయిన రోజు అక్కడ వేరే ఊళ్ల పిల్లలు కొందరు వచ్చి ఉన్నారు. నేను కాగితాల మీద సంతకాలు పెడుతుంటే ఇది వాళ్ల చేతులు చూస్తూ నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో అడిగింది.

“అమ్మా, బడి తెరిచే ముంగట వారం దినాలు నన్ను రంగు ముట్టనియ్యకు. చేతులు తెల్లగ కానియ్యి.”

“సరే, ముట్టకు పో” అన్నాను. అని ఊరుకుంటే బాగుండేది. “రంగంటని చేతులు సోమరిపోతుల చేతులే” అని కూడా అన్నాను.

ఆ ఎండాకాలం మాకు ఒక పెండ్లివారి చీరల పని దొరికింది. ఎనిమిది చీరలు, అన్నీ ఒకే డిజైను. మాకు నూలు ఇచ్చి నేయించుకునే సావుకారి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు. బడి తెరిచే వారంలోనే మొగులు పట్టింది. సన్నటి తుంపర. నూలు ఆరదు, ముహూర్తం ఆగదు. బడి తెరవడానికి రెండు రోజులు ఉందనగా నేను బిడ్డను పిలిచాను. అది గడప దగ్గరే ఆగింది.

“వద్దమ్మా. నువ్వన్నవు గద.”

“అన్న. ఇప్పుడు రమ్మంటున్న. నీ ఏళ్లు సన్నగుంటయి, జల్దిన అయితది. ఒక్క వరుస విప్పు, చాలు.”

వచ్చి కూర్చుంది. ఒక్క వరుస నాలుగు వరుసలు అయింది. తడి నూలు, నల్ల రంగు. చీకటి పడేదాకా విప్పింది. నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ అంటారు, నా కడుపున పుట్టి అట్లా ఎట్లా అయిందో నాకూ తెలియదు. పని అయ్యాక చేతులు చూసుకుని పెరట్లోకి పోయింది. నేను చీరల లెక్కలో పడ్డాను.

ఇదంతా నాలుగో రోజు పొద్దున నాకు గుర్తు లేదని చెప్పను. గుర్తుంది. గుర్తున్నా పక్కన పెట్టాను. ఆ పొద్దున నా కంటికి ఒక్కటే కనిపించింది. నా బిడ్డను మురికి అన్నారు, మూడు రోజులు నల్లా దగ్గర నిలబడినా ఒక్కరు పలకరించలేదు.

మా ఆయన కొబ్బరినూనె రాసి, పాత పంచె చింపి మెత్తగా చేతులకు చుట్టాడు. “పోయి మెల్లగ చెప్పు. పెద్ద సదువులోల్లు, మనం మెల్లగ చెప్తే వింటరు” అన్నాడు.

“మెల్లగ చెప్పనీకి నేనేమన్న తప్పు చేసిన్నా?” అని ఆయన మీద విరుచుకుపడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ పొద్దున ఆయనకు దక్కిన తిట్లకు ఒక పద్ధతి లేదు. ఆయన మళ్లీ గుంటలోకి దిగాడు.

నేను చీర మార్చుకున్నాను, తల దువ్వుకున్నాను, చేతులు మాత్రం కావాలనే కడగలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎరుపు నడుస్తోంది. మోచేతుల దాకా ఎరుపు. చూడనీ, తల్లివీ బిడ్డవీ ఇద్దరివీ చూడనీ అనుకున్నాను. బస్సు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. ఆటో ఎక్కాం. బిడ్డ దారంతా ఒక్కటే మాట. “అమ్మా, లొల్లి చెయ్యకు. అమ్మా, నీ కాల్మొక్త, లొల్లి చెయ్యకు.”

“నేనెందుకు చేస్త? నాలుగు ముచ్చట్లు చెప్పొస్త” అన్నాను.

మేము పోయేసరికి ప్రార్థన అయిపోయింది. పిల్లలు గదుల్లోకి పోయారు. ఆరో తరగతి ముందు వరండాలో మేడం హాజరు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. నల్లగొండ నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుందని ముందే విన్నాను. ఆమెను చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. భయంతో కాదు. ఆమె కట్టుకున్న చీర మా పని. ఆ ఏడు సర్కారు కొలువుల్లో ఉన్నవాళ్లు వారానికి ఒక రోజు చేనేత కట్టాలనే మాట బాగా నడుస్తుండేది. ఆ రోజు ఈ రోజే అయినట్టుంది. నల్ల నేల మీద ఎర్ర పూలు. మా ఊరిదో పక్క ఊరిదో గానీ చిటికి చీర, సందేహం లేదు. కుచ్చిళ్ల దగ్గర ఒక పువ్వు రెక్క కొంచెం పక్కకు జరిగింది. ఎవరో కట్టు వదులుగా కట్టారు. ఏ ఇంట్లోనో ఒక పిల్ల కట్టి ఉంటుంది.

దారంతా నేను తయారుచేసుకున్న మాటలు అన్నీ ఎగిరిపోయి కొత్త మాట వచ్చింది.

“మేడం, మీ చీర బాగున్నది. రంగు మంచిగ పట్టింది” అన్నాను.

ఆమె నవ్వింది పాపం. “థాంక్సమ్మా. ఎవరి తల్లి మీరు?”

“గా చీర మీదున్న రంగు నా బిడ్డ చేతి మీదుంటే బయట నిలబెట్టిండ్రు సూడుండ్రి, గా పిల్ల తల్లిని.”

నవ్వు పోయింది. నేను ఆగలేదు. నా రెండు చేతులూ ఆమె మొహం ముందు చాపాను. “ఇది మురికా మేడం? వాసన సూడుండ్రి. రంగు లేకుంట మీ చీర ఏడికెళ్లి వస్తది? చెట్టుకు కాస్తదా? కట్టుకుంటే చేనేత, కట్టేటోల్ల చేతులకుంటే మురికి. ఇదేం న్యాయం?” గది లోపల పిల్లలు నిలబడి కిటికీలోంచి చూస్తున్నారు. నా వెనక బిడ్డ నా కొంగు పట్టి లాగుతోంది. మేడం ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. మేము ఏమి తింటాం, ఎట్లా బతుకుతాం, ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, అన్నీ ఆ వరండాలో ఏకరువు పెట్టాను. చివరికి బిడ్డ చేతులకు చుట్టిన గుడ్డ విప్పి చూపించాను. ఆమె ఆ వేళ్లు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నా గొంతుకు హెడ్మాస్టరు గది తలుపు తెరుచుకుంది. మేము పెద్దసారు అనేవాళ్లం. లోపలికి రమ్మన్నాడు. ఆయన బల్ల వెనక అద్దాల బీరువాలో శాలువాలు మడత పెట్టి ఉన్నాయి. సన్మానాల్లో కప్పినవి. అందులో రెండు మా పనే. అది చూసేసరికి నాకు ఇంకో పట్టు దొరికింది.

మేడం నెమ్మదిగా చెప్పింది. “సార్, నేను బయట నిలబెట్టలేదు. ఎండాకాలం పోయి పిల్లల్లో గజ్జి కనిపిస్తోందని చేతులు చూశాను. కడుక్కుని రమ్మన్నాను. ఈ పాప మళ్లీ రానే లేదు. రాలేదు అనుకుని ఆబ్సెంటు వేశాను. ఇది రంగు అని చెప్తే నేను ఎందుకు వద్దంటాను?”

“మీరడిగిండ్రా?” అన్నాను. “ఏంటిది బిడ్డా అని ఒక్కపారి అడిగిండ్రా? మురికి అని మీరే చెప్పిండ్రు, మీరే తీర్పు జేసిండ్రు. కొత్తగ చేరిన పిల్ల, నల్లా కాడ మూడొద్దులు నిలబడ్డది. గీ బడిల ఇంతమంది సార్లు, మేడంలు అటు ఇటు తిరుగుతరు గద. ఒక్కరన్న ‘ఎవరి బిడ్డవు, ఈడెందుకున్నవు’ అని అడగలేదా? మా ఊర్ల బర్రె దొడ్లెకు రాకపోతే ఇల్లంత లేచి ఎతుకుతం సార్!”

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది మాత్రం తప్పేనని ఒప్పుకున్నాడు. మూడు రోజుల హాజరు దిద్దమని అక్కడే చెప్పాడు. మేడం కూడా, “నాది పొరపాటే, అడగాల్సింది” అంది. నేను గెలిచాను. అక్కడితో లేచి రావాల్సింది. కానీ గెలుస్తున్నప్పుడు నోరు ఆగదు. బీరువాలో శాలువాల మీద కూడా ఒక మాట అన్నాను. పెద్దసారుకు అది గుచ్చుకున్నట్టుంది. అద్దాలు పెట్టుకుని నా వైపు సూటిగా చూశాడు.

“అమ్మా, ఒక్కటి అడుగుతా. రేపు బడి తెరుస్తరనంగ పిల్లతోని రంగు పని ఎవరు చేయించిండ్రు? పదకొండేండ్ల పిల్ల. గోళ్లలకు దిగినదంటే ఒక్కరోజు పని కాదు గద.”

“మాది కూలి పని కాదు సార్, ఇంటి పని. రైతు బిడ్డ చేన్లకు పోతే అడుగుతరా?”

“రైతు బిడ్డ గూడ బడికి రాకపోతే అడుగుత. నేనడిగింది ఒక్కటే. చెయ్యమన్నది ఎవరు?”

నాకు చెమట పట్టింది. చెమట పట్టిన కొద్దీ గొంతు పెరిగింది. నా ఇంట్లో నా బిడ్డను ఎట్లా పెంచాలో మీరు చెప్పాలా అన్నాను. మీ తప్పు దాచుకోవడానికి నా మీదికి తోస్తున్నారు అన్నాను. చివరికి బల్ల మీద చెయ్యి కొట్టి, “అడుగుండ్రి, దాన్నే అడుగుండ్రి! మా ఇంట్ల ఎవరన్న దాన్ని బలిమి చేసిండ్రేమో అడుగుండ్రి!” అన్నాను.

అన్నాక తెలిసింది నేను ఏమన్నానో. నోరు జారిన మాట వెనక్కి రాదు. పెద్దసారు బిడ్డను దగ్గరికి పిలిచాడు. బాగానే పిలిచాడు, ప్రేమగానే. “భయపడకు బిడ్డా. బడి తెరిచే ముంగట గీ రంగు పని నిన్ను ఎవరు చెయ్యమన్నరు?”

బిడ్డ ఆయన బల్ల దగ్గరికి పోయి నిలబడింది. నేను విప్పిన గుడ్డ మళ్లీ చుట్టుకున్న చేతులు రెండూ ముందు పట్టుకుని ఉంది. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండునని నాకుంది, చూడకపోతే బాగుండునని కూడా ఉంది. మేడం మొహంలో కోపం లేదు, ఆమె కూడా వింటోంది. గదిలో అందరూ ఆ పిల్ల నోటి వైపే చూస్తున్నాం. నా పదకొండేళ్ల ఆరాటం, ఆ చదువు, ఆ హైస్కూలు, మండలంలో నా పరువు, అన్నీ ఆ నోట్లో ఉన్నాయి. నిజం చెబితే వాళ్లేమీ నన్ను ఉరి తీయరు. అంతమందిలో నా నోరు మూసుకుపోతుంది, అంతే. అది నిజం చెబుతుందని నాకు నమ్మకం. అబద్ధం చెప్పడం దానికి రాదు. నేనే నేర్పలేదు.

“మా అమ్మ వద్దన్నది సార్” అంది. “బడి దగ్గరకొచ్చింది, రంగు ముట్టకని చెప్పింది. నేనే ఇనకుంట ఇప్పిన.”

తడబడలేదు. ఇంటి దగ్గర రెండు మాటలు కలిపి చెప్పలేని పిల్ల, ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

“మరి మేడంకు మొదటి రోజే ఎందుకు చెప్పలే?”

“ఎవరు చెయ్యమన్నరు అని అడుగుతరని, సార్.”

పెద్దసారుకు ఆ జవాబు ఎట్లా వినిపించిందో తెలియదు. వినని పిల్ల తప్పు బయటపడుతుందని భయపడింది అనుకున్నాడేమో, తల ఊపాడు. మూడు రోజులు ఆ నల్లా దగ్గర ఎందుకు నిలబడిందో నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. “ఇది రంగు మేడం” అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట తర్వాత వచ్చే ప్రశ్న దానికి ముందే తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు నేను. నా పేరు చెప్పలేక నిలబడింది. బడి మీదికి పోయి దోషులను వెతికినదాన్ని, నా బిడ్డ మూడు రోజులు నన్నే దాచిపెట్టి బయట నిలబడిందని తెలియలేదు.

మేడం లేచి బిడ్డ భుజం మీద చెయ్యి వేసింది. “ఇకమీద అమ్మ చెప్పిన మాట వినాలి నాన్నా” అంది. అది బుద్ధిగా తల ఊపింది. మేడం నా వైపు తిరిగి, “మీరు కూడా కొంచెం గట్టిగా ఉండండమ్మా, చూశారుగా చేతులు ఎలా అయ్యాయో” అంది. నేను “సరే మేడం” అన్నాను. ఆ పొద్దుటి నుంచి నేను మెల్లగా అన్న మాట అదొక్కటే.

ఆమె బిడ్డను తరగతిలోకి తీసుకుపోయింది. రెండో బెంచీలో కూర్చోబెట్టింది. మూడు రోజుల కింద పంచిన పుస్తకాలు తెచ్చి దాని ముందు పెట్టింది. పక్కనున్న పిల్ల, దీనికి చేతులకు గుడ్డలున్నాయని, పుస్తకం తెరిచి పట్టింది. నేను వరండాలో నిలబడి అదంతా చూశాను. ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అంత బరువుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మనిషిని తిట్టేటప్పుడు ఎంత తేలికగా ఉంటుంది!

ఇంటికి వచ్చాక మా ఆయన అడిగాడు. అంతా చెప్పాను. మేడంను ఎట్లా అడిగానో, పెద్దసారు ఎట్లా ఒప్పుకున్నాడో, హాజరు ఎట్లా దిద్దించానో. చీర సంగతి రెండుసార్లు చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు, “నువ్వు పోయినవు గాబట్టి అయింది” అన్నాడు. వాడకట్టులో కూడా నా పేరు మోగిపోయింది. బడికి పోయి మేడంను నిలదీసిన మనిషి అన్నారు. ఆ తర్వాత ఏ ఇంట్లో పిల్లకు బడిలో ఇబ్బంది వచ్చినా నన్ను తోడు తీసుకుపోయేవాళ్లు. నేను పోయేదాన్ని. పెద్దసారు అడిగిన ప్రశ్న, బిడ్డ చెప్పిన జవాబు, ఆ రెండూ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చి పుస్తకాలకు అట్టలు వేయమంది. వేశాను. చెంచాతో అన్నం తినిపించబోతే, వద్దని చెంచా తీసుకుని తనే తింది. ఎందుకట్లా చెప్పినవు అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అది కూడా ఎత్తలేదు. ఆ తర్వాత దాన్ని నేను తడి నూలు దగ్గరికి పిలవలేదు, అది నిజం. సావుకారి ఫోన్లు చేసినా పిలవలేదు. కానీ పిలవకపోవడం వేరు, తప్పు నాది అని దాని మొహం చూసి చెప్పడం వేరు. మొదటిది చేశాను, రెండోది చేతకాలేదు. మేడంను నిలబెట్టి అడిగిన నోరు, నా బిడ్డ ముందు లేవలేదు.

ఇప్పుడు బిడ్డ డిగ్రీ చదువుతోంది. దాని పుస్తకాలతోనే నేను కూడా కూర్చుని ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాను. అందుకే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. ఇన్నేళ్లలో హైస్కూలు మీద, మేడంల మీద, శాలువాల మీద నాకున్న కోపం ఏమీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా. పని చేసిన చేతులను మురికి అన్నవాళ్లను ఈ రోజు చూసినా అట్లాగే అడుగుతాను. కానీ ఆ గదిలో నా చెవులతో విని, “సరే మేడం” అని వచ్చేసిన మాట ఒకటి బాకీ ఉంది.

పెద్దసారూ, ఆ రోజు నా బిడ్డ మీకు అబద్ధం చెప్పింది. వద్దన్నది నేను కాదు, అది. కూర్చోబెట్టింది నేను.